కొల్లేటికి నీరొస్తోందట

వరద వార్త మా ప్రాంతంలో రెండు రకాల మనుషులను నిద్ర లేపుతుంది. సామాన్లు అటక మీదికి ఎక్కించుకోవలసినవారు మొదటి రకం. బండిలో పెట్రోలు ఉందో లేదో చూసుకునేవారు రెండో రకం. నేను పుట్టుకను బట్టి మొదటివారికి చుట్టాన్ని, బతుకుతెరువును బట్టి రెండోవారిలో ఒకణ్ణి. మా అమ్మ పుట్టిల్లు కొల్లేటి లంక ఊరు. నా ఉద్యోగం, కాపురం తాడేపల్లిగూడెంలో. ఈ రెంటి నడుమ నిలబడి 2024 సెప్టెంబరులో నేను చేసిన ఒక పని ఇప్పటికీ నన్ను వదలడం లేదు.

ఆ సంగతికి వచ్చే ముందు మరొక సంగతి చెప్పాలి. మా దూరపు బంధువుల కుర్రవాడొకడు విశాఖలో చదువుకుంటూ రుషికొండ తీరంలో సర్ఫింగ్ నేర్చుకున్నాడు. పలక మీద నిలబడి అల మీద జారుకుంటూ రావడమన్నమాట. పండక్కి వచ్చినప్పుడు వాణ్ణి కూర్చోబెట్టి అడిగాను, ఏముందిరా అందులో అని. వాడు ఆనందం గురించి చెబుతాడనుకున్నాను. ఎదురుచూడడం గురించి చెప్పాడు. ఎక్కడో దక్షిణాన, హిందూ మహాసముద్రపు అడుగుకొసన తుఫాను పుడుతుందట. అక్కడి గాలి నీటిని తోస్తే పుట్టిన అలలు వేల కిలోమీటర్లు ప్రయాణం చేసి కొన్ని రోజుల తరువాత మన ఒడ్డుకు వస్తాయట. అందులో దీర్ఘమైన అలలు వేగంగా నడుస్తాయి కనుక ముందుగా అవే చేరతాయి, పొట్టివి వెనకపడతాయి. ఇక్కడ ఆకాశం నిర్మలంగా ఉంటుంది, ఆకు కదలదు, సముద్రం మాత్రం ఉబ్బుతుంది. కేరళవారు దీనికే కళ్ళక్కడల్ అని పేరు పెట్టుకున్నారు. దొంగలా వచ్చే కడలి అని దాని అర్థం.

ఇప్పుడది దొంగలా రావడం లేదు. హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం, ఇన్‌కాయిస్ అని పిలుస్తారు దాన్ని, అలల ఎత్తు ఎంత, ఏ రోజుకు ఏ తీరానికి చేరతాయి అన్నది ముందే చెబుతోంది. సముద్రం లేని ఊళ్ళో కూర్చుని సముద్రం కబురు చెప్పడం నాకెప్పుడూ వింతగానే ఉంటుంది. ఆ మాట అలా ఉంచి, కుర్రవాడు చివర ఒక మాటన్నాడు. "పెద్ద అల వస్తోందని తెలియగానే సగం సంతోషం బాబాయ్. మిగతా సగం భయం. అల గురించి కాదు. నా ఫోనులో కనబడిందంటే అందరి ఫోన్లలోనూ కనబడినట్టే కదా. అల కంటే ముందు జనం వస్తారు."

ఆ ఆఖరి వాక్యం వినగానే నాకు కొల్లేరు గుర్తొచ్చింది.

కొల్లేటికి కూడా నీరు దూరం నుంచే వస్తుంది. తమ్మిలేరు బేతుపల్లి వైపు పుట్టి, చింతలపూడి మెట్టప్రాంతం మీదుగా దిగి, ఏలూరు దగ్గర రెండు పాయలై ఊరికి అటూ ఇటూ నడిచి సరస్సులో కలుస్తుంది. దానికి ఓపిక లేదు. కొండల్లో కురిసిన వాన త్వరగానే ఏలూరు గుమ్మంలోకి వచ్చేస్తుంది. 2020 అక్టోబరులో ఏలూరు శివారు కాలనీలవారు చూశారు దాని తొందర. బుడమేరు అలా కాదు. మైలవరం కొండల్లో పుట్టి, బెజవాడను ఒరుసుకుని, మెలికలు తిరుగుతూ, పొలాల్లో పరుచుకుంటూ, తాపీగా చేరుతుంది. 2024 సెప్టెంబరు 1న బెజవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు కొల్లేటి లంకలవారు టీవీ ముందు కూర్చుని రోజులు లెక్కపెట్టుకున్నారు. అక్కడ ఇళ్ళలోంచి తీసిన నీరు ఎక్కడికి పోతుందో వారికి ఎవరూ చెప్పనక్కరలేదు. బెజవాడ ఊపిరి పీల్చుకున్న రోజున కొల్లేరు ఊపిరి బిగపట్టుకుంటుంది.

గోదావరి వైపు మనుషులం మేము, అంకెలతో పెరిగినవాళ్ళం. భద్రాచలంలో 43 అడుగులైతే మొదటి హెచ్చరిక, 48 అయితే రెండోది, 53 అయితే మూడోది. ధవళేశ్వరం దగ్గర పది లక్షల క్యూసెక్కులు దాటితే మొదటిది, పదమూడు దాటితే రెండోది, పదిహేడు దాటితే మూడోది. ఎక్కాలు రానివారికి కూడా ఇవి నోటికి వస్తాయి. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75 అడుగులు దాటింది. 2022 జులైలో 71 దాటింది. క్రికెట్ స్కోరు చెప్పుకున్నట్టు టీకొట్ల దగ్గర చెప్పుకుంటాము. 2024లో ప్రకాశం బ్యారేజీ దగ్గర పదకొండు లక్షల క్యూసెక్కులు దాటిందని వినగానే మా వీధిలో కొందరు కొల్లేరు చూసి వద్దామని బయలుదేరారు. బ్యారేజీ నుంచి వదిలిన కృష్ణ నీరు హంసలదీవి వైపు సముద్రానికి పోతుంది. దానికీ కొల్లేటికీ సంబంధం లేదు. అయినా అంకె పెద్దది కనుక ఎక్కడో ఒకచోట నీరు చూడాలి. అంతే.

నేను వారిని వెక్కిరించలేను. ఆ నెలలో చినఎడ్లగాడి దగ్గర ఏలూరు–కైకలూరు రోడ్డు మీదికి నీరెక్కి రాకపోకలు ఆగిపోయాయి. చవితి వెళ్ళాక వచ్చిన ఒక ఆదివారం మధ్యాహ్నం నేను, నా భార్య, పిల్లలు, మా తోడల్లుడి కుటుంబం కలిసి కారులో బయలుదేరాము. మావయ్యను పరామర్శించడానికని అందరికీ చెప్పాను. నాకు నేను కూడా అదే చెప్పుకున్నాను. పరామర్శకు వెళ్ళేవాడు పిల్లలను తీసుకువెళ్ళడు, దారిలో ఆగి మొక్కజొన్న పొత్తులు కొనడు.

లంక ఊళ్ళ రోడ్లు చూడనివారి కోసం చెబుతున్నాను. అవి రోడ్లన్న పేరే గాని గట్లు. రెండు పక్కలా చేపల చెరువులు, నడుమ ఒక వాహనం పట్టే దారి. ఎదురుగా మరొకటి వస్తే ఎవరో ఒకరు ఎడం ఉన్నచోటు దాకా వెనక్కి తీయాలి. ఆ రోజు చెరువులూ సరస్సూ ఒకటై నీరు రోడ్డు అంచును నాకుతోంది. మేము వెళ్ళేసరికే పది పన్నెండు కార్లు వరసగా ఆగి ఉన్నాయి. జనం దిగి ఫోటోలు తీసుకుంటున్నారు. మోటారు సైకిళ్ళ సంగతి లెక్కే లేదు. ఒకాయన మిరపకాయ బజ్జీల బండి కూడా తెచ్చి పెట్టాడు. మేమూ ఆగి దిగాము. బాగుంది కూడా. అబద్ధమాడను. కనుచూపు మేర నీరు, దాని మీద మబ్బుల నీడ, తేలుతున్న గుర్రపుడెక్క, పూల ఊదారంగు.

అప్పుడు ఊరి వైపు నుంచి ట్రాక్టరు వచ్చింది. తొట్టిలో నులకమంచం, మంచం మీద ఊపిరందని ఒక ముసలమ్మ, చుట్టూ నలుగురు. ఏలూరు ఆసుపత్రికి తీసుకుపోతున్నారు. ఎదురుగా మా కార్లు, అన్నీ వాళ్ళ వైపే ముఖం పెట్టుకుని. తిప్పే చోటు లేదు. చివరి కారు మొదట వెనక్కి పోవాలి, తరువాత దాని ముందుది. చివరి కారాయన బజ్జీల బండి దగ్గర ఉన్నాడు, ఆయన్ను వెతకాలి. వెనక్కి నడపడం రానివారు ఇద్దరు. మొత్తం నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాలలో ట్రాక్టరు తోలే కుర్రవాడు ఒక్క మాట తిట్టలేదు. "ఎనక్కి తియ్యండి బాబూ, ఎనక్కి తియ్యండి" అన్నాడు, అంతే. ముసలమ్మ నా వైపే చూస్తోందనిపించింది. చూస్తోందో లేదో నాకు తెలియదు. ఆమె బతికింది. వారం తరువాత ఇంటికి వచ్చేసింది. ఆ కబురు తెలిసినా ఆ నలభై నిమిషాలు నా లెక్కలోంచి పోవడం లేదు.

కారును దూరంగా వదిలి, పిల్లలను తోడల్లుడికి అప్పగించి, నేనొక్కణ్ణే నడిచి ఊళ్ళోకి వెళ్ళాను. రామాలయం నాలుగో మెట్టు దాకా నీరుంది. మావయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"ఏరా అల్లుడూ, సూడ్డానికొచ్చావా?" అన్నాడు.

వెటకారమేమో అని ముఖం చూశాను. కాదు.

"రా, కూకో. అదుగో, సూడు. గట్లన్నీ మునిగినయ్యి. నా సిన్నప్పుడు ఇట్టాగే ఉండేది. ఇదిరా కొల్లేరంటే. మళ్ళీ ఎప్పుడు కనపడుద్దో ఏటో."

ఆయన ఇంట్లో మోకాటి లోతు నీరుంది. బియ్యం బస్తాలు అటక మీద, గేదెలు ఎక్కడో మెరక ఊళ్ళో. ఆయన కళ్ళల్లో మాత్రం సంతోషంలాంటిదేదో ఉంది. అది చూసి నాకు భయం వేసింది. నిజానికి ఆ వరదను చూడడానికి అందరికంటే ముందు నుంచి, అందరికంటే ఎక్కువగా ఎదురుచూసినవాడు ఆయనే.

ఇక్కడ నా అభిప్రాయం మొదలవుతుంది. నీరు చూడాలన్న కోరికను తప్పు పట్టేవారితో నేను ఏకీభవించను. మా అమ్మమ్మ కాలువకు కొత్తనీరు వదిలిన రోజున పసుపూ కుంకుమా పట్టుకుని గట్టెక్కేది. ఊరంతా ఎక్కేది. ఎర్రనీరు మొదటి మడుగులోంచి తొంగిచూస్తే పిల్లలం కేకలు పెట్టేవాళ్ళం. తొలకరి నీటికి ఎదురెక్కే చేపల కోసం రాత్రంతా మావులు కట్టి కాసేవారు. వరదకు ఎదురుచూడడం ఈ నేలకు కొత్త కాదు. కొల్లేటి కోటలో పెద్దింట్లమ్మ జాతరకు ఫాల్గుణంలో వచ్చే జనాన్ని చూసి ఎవరైనా విసుక్కుంటారా? ఆటపాకలో గూడబాతులనూ, ఎర్రకాళ్ళ కొంగలనూ చూడడానికి చలికాలమంతా జనం వస్తూనే ఉంటారు. రావద్దని నేననను.

తేడా మరొకచోట ఉంది. వెనక ఎదురుచూసినవాడికి ఆ నీటితో ఏదో ఒక పని ఉండేది. వల ఉండేది, పొలం ఉండేది, కనీసం మొక్కు ఉండేది. కనుక ఎక్కడ నిలబడకూడదో తెలిసేది. ఇప్పుడు హెచ్చరిక పని ఉన్నవాడికీ లేనివాడికీ ఒకే క్షణంలో చేరుతోంది. పని లేనివాడికి కారుంది, కనుక ముందు చేరుతున్నాడు.

విశాఖ కుర్రవాణ్ణి మళ్ళీ అడిగాను, మరి జనం ఎక్కువైతే మీరేం చేస్తారని. వాళ్ళకు ఒక కట్టుబాటు ఉందట. అల ఎక్కడ విరగడం మొదలవుతుందో ఆ కొసకు దగ్గరగా ఉన్నవాడిది ఆ అల. వాడు లేచి నిలబడ్డాడంటే మిగతావారు వెనక్కి తగ్గాలి. ఎంత దూరం నుంచి వచ్చినా, ఎంత ఖరీదైన పలక తెచ్చినా సరే, వాడి దారిలో దిగితే అది పెద్ద మర్యాదతప్పు. రాతపూర్వక చట్టం కాదు. ప్రపంచంలో ఏ తీరానికి పోయినా దాదాపు ఇదే పద్ధతి అన్నాడు. కుర్రకారు ఆటకు ఉన్న ఈ పాటి న్యాయం మన వరద రోడ్డుకు ఎందుకు లేదు? నీటికి దగ్గరగా ఉన్నవాడిది దారి. లంక నుంచి బయటికి వచ్చే ట్రాక్టరుది, దోనె దిగి నడిచి వచ్చేవాడిది, పాల క్యాను పట్టుకున్నవాడిది. మిగతావారం మెరక మీద, వెడల్పు రోడ్డున, బండి ముఖం ఇంటివైపు తిప్పి పెట్టుకుని నిలబడాలి. ఇందుకు పోలీసులు కావాలా? కావాలేమో. నాకైతే ఆ రోజు ఎవరైనా ఒక్కరు అడ్డంగా చెయ్యి పెట్టి ఉంటే బాగుండునని ఉంది. కాని సిగ్గు పోలీసుల కంటే చవక.

హెచ్చరిక చెప్పే తీరు గురించి కూడా ఒక మాట. లక్షల క్యూసెక్కులంటూ చెప్పే మాట చూసేవాడి కోసం తయారైన మాట. పెదఎడ్లగాడి వంతెన దగ్గర మట్టం ఇన్ని మీటర్లని పేపర్లో వేస్తారు. మావయ్యకు మీటర్లు పట్టవు. ఆయన కొలబద్ద రామాలయం మెట్లు. రెండో మెట్టు తడిస్తే గేదెలను తోలాలి, మూడోది తడిస్తే బియ్యం ఎక్కించాలి, నాలుగోది తడిస్తే ఆడవాళ్ళనూ పిల్లలనూ పంపించాలి. వంతెన దగ్గర ఎంత ఉంటే మా గుడి దగ్గర ఎన్నో మెట్టు అవుతుందో ఊరూరికీ ఒక్కసారి లెక్క కట్టి గోడ మీద రాస్తే చాలు. సరస్సు గర్భంలో ఉన్న లంక గ్రామాలు 46 అంటారు, అంచున ఉన్నవి 76. నూట ఇరవై రెండు గోడలు. సముద్రంలో వేల కిలోమీటర్ల అవతల పుట్టిన అల ఎత్తును చెప్పగలిగిన దేశానికి ఇది పెద్ద పని కాదు.

చూడడానికి వచ్చినవారు చూడవలసినది చూడరన్నది నా మరో ఫిర్యాదు. అందరూ నీటి విస్తీర్ణం చూస్తారు. వంతెన కిందికి వంగి చూడరు. అక్కడ గుర్రపుడెక్క గోడలా పేరుకుని ఉంటుంది. నీరు దాన్ని దాటలేక వెనక్కి తంతుంది. కొల్లేటికి వచ్చే దారులు చాలా ఉన్నాయి, పోయే దారి ఒక్క ఉప్పుటేరు. అరవై కిలోమీటర్ల పొడవున మెలికలు తిరిగి సముద్రానికి చేరుతుంది. పోటు సమయంలో అదీ సరిగా పోదు. పైనుంచి వచ్చే వరదకూ ఉప్పుటేరు మోయగలిగిన దానికీ పొంతన లేదన్నది 1960లలో మిత్రా కమిటీ కాలం నుంచి కాగితాల మీద ఉన్న సంగతే.

"కొల్లేరు ఊళ్ళను ముంచింది" అని ఇంటికి వెళ్ళి చెప్పుకుంటాము. అయిదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లు సరస్సుదేనని 1999లో ప్రభుత్వమే అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో రామ్‌సర్ జాబితాలోనూ చేరింది. గట్లు వేసుకున్నది మనం. 2006లో ఆ గట్లను యంత్రాలతో, మందుపాతరలతో కొట్టేశారు. తరువాత అవి మళ్ళీ లేచాయి. వరద వచ్చినప్పుడు నీరు తన పాత కొలత గుర్తు తెచ్చుకుంటుంది. మావయ్య చూసి మురిసిపోయినది ఆ కొలతనే.

ఆయనేమీ అమాయకుడు కాదు. తొంభైలలో తన భాగం చెరువుకు లీజుకిచ్చినవాడే. ఆ డబ్బుతోనే ఇద్దరు కూతుళ్ళ పెళ్ళిళ్ళు చేశాడు. గట్లు కొట్టిన ఏడు ఏడ్చాడు, గట్లు మునిగిన ఏడు మురిశాడు. రెండూ నిజమే. ఒక మనిషిలో ఈ రెండూ ఎలా ఇముడుతాయని అడిగేవారు కొల్లేటి ఒడ్డున పుట్టి ఉండరు. ఆయన తినే కొర్రమీను ఆ పాత నీటిది, కట్టిన పెంకుటిల్లు కొత్త చెరువుది.

2025 అక్టోబరు చివరి వారంలో మొంథా తుఫాను వస్తోందని నాలుగైదు రోజుల ముందే చెప్పారు. అది 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది. 26న మావయ్య ఫోన్ చేశాడు. నా గొంతు వినగానే, "నీరొస్తదంటన్నారు. వస్తావా?" అన్నాడు. నాకు ఏం చెప్పాలో తోచలేదు. ఆయనే మళ్ళీ అన్నాడు: "వస్తే ఇయ్యాలే రా. కారు ఏలూర్లో ఒగ్గేసి బస్సెక్కు. టార్చిలైటు బ్యాటరీలు నాలుగు, మీ అత్తకి బీపీ బిళ్ళలు, ఓ కొవ్వొత్తుల పాకెట్టు తే. బిళ్ళల పేరు రాసుకో."

రాసుకున్నాను.